నవ్వని నవ్వుల రేడు - బస్టర్ కీటన్

హాస్యరసమునకు ఆత్మస్థమనియు పరస్థమనియు రెండు భేదములను భరతముని నిరూపించెను. తాను నవ్వుట మొదటిది. ఒరులను నవ్వించుట రెండవది. మొదటిదానిని బొత్తిగా విడిచి రెండవదానిని సంపూర్ణముగ సాధించిన నటులు ఏ దేశమునందైనను అరుదు. మన తోలుబొమ్మలాటలో కేతిగాని మొగము తోలుపై చెక్కి రంగు వేసినది గావున, ఎన్ని తన్నులు తిన్నను మారదు. జనము మాత్రము పొట్ట చెక్కలగునట్లు నవ్వును. రక్తమాంసములు గల మనుష్యు డొకడు అట్టి మొగముతోనే జీవితమంతయు ప్రేక్షకుల యెదుట నిలిచి, కలలో మాత్రమే జరుగదగిన వింతలను పట్టపగలు జరిపి చూపెను. అతడే బస్టర్ కీటన్. మూకచిత్రముల కాలమున చాప్లిన్, హెరాల్డ్ లాయిడ్‌ల సరసన నిలిచిన ఈ అమెరికను నటుని పేరు మన దేశమున చాప్లిన్ పేరువలె ఇంటింటను వినబడదు. అతని చిత్రములు ఎంత వింతయైనవో జీవితమును అంత వింతయైనదే. కాకున్న, దానియందు నవ్వు తక్కువ.

1895 అక్టోబరు 4వ తేదీన కాన్సస్ రాష్ట్రమందలి పీక్వా అను కుగ్రామమున జోసెఫ్ ఫ్రాంక్ కీటన్ జన్మించెను. ఆ యూరితో ఆ కుటుంబమునకు ఎట్టి సంబంధమును లేదు. తండ్రి జో కీటన్, తల్లి మైరా. వారిరువురును మందులమ్ము ఒక సంచార బృందముతో ఊరూర తిరుగుచుండిరి. ఆటపాటలతో జనమును చేర్చి, చేరిన జనమునకు సర్వరోగనివారిణి యని సీసాలు అంటగట్టుట ఆ బృందముల వృత్తి. ప్రసవసమయమునకు బృందము ఎచ్చట దిగియుండెనో అదియే బిడ్డకు జన్మస్థలమయ్యెను. 'బస్టర్' అనునది పెట్టిన పేరు కాదు, పడిన పేరు. పసితనమున మెట్లపైనుండి దొర్లి పడియు దెబ్బ తగులక లేచి కూర్చుండిన బాలుని చూచి, సుప్రసిద్ధ ఐంద్రజాలికుడు హౌడినీ ఆ పేరు పెట్టెనని కుటుంబమువారు జీవితాంతము చెప్పుకొనిరి. హౌడినీ వారితో కలసి తిరిగిన మాట నిజమే. పేరు పెట్టినది అతడే యనుటను మాత్రము చరిత్రకారులు శంకింతురు. పెట్టిన వారెవరైనను, పడుట యను పని ఆ బాలునకు ఆనాటినుండి వృత్తియయ్యెను.

పాటలు, గారడీలు, హాస్యపు తునుకలు ఒకదానివెంట ఒకటిగ నడచు రంగస్థల వినోదమునకు అమెరికాలో 'వాడ్విల్' అని పేరు. అయిదేండ్లయినను నిండని బస్టరును తలిదండ్రులు ఆ రంగమున తమతో నిలిపి, తమ ఆటకు 'ముగ్గురు కీటనులు' అని పేరు పెట్టుకొనిరి. ఆట యేమనగా, అల్లరిపిల్లవానిని తండ్రి శిక్షించుట. బాలుని చొక్కా వీపున పెట్టెపిడివంటి పిడి నొకదానిని కుట్టించి, దానిని పట్టి తండ్రి కుమారుని తెరలపైకిని, వాద్యగాండ్ర నడుమకును విసరుచుండెడివాడు. బాలుడు పడి, లేచి, ఏమియు జరుగనట్లు తిరిగి వచ్చును. బాలల రక్షణసంఘమువారు పలుమార్లు ఆక్షేపించిరి. అధికారులు బాలుని దేహమును పరీక్షించి, గాయములు లేకుండుటచే విడిచిరి. దేహమును సడలించి, చేతితోనో పాదముతోనో నేలతాకును ముందే ఓర్చుకొను విద్య అతనికి మాటలతోపాటు వచ్చెను. బడి యనునది అతడు ఎరుగడనియే చెప్పవచ్చును.

మరియొక విద్యయు ఆ వేదికపైననే అబ్బెను. పడిన తరువాత తాను నవ్వినచో ప్రేక్షకులు నవ్వుట తగ్గుననియు, తాను గంభీరముగ ఉన్నచో వారి నవ్వు రెట్టింపగుననియు బాలుడు తెలిసికొనెను. లోకము 'రాతిమొగము' అని పేరుపెట్టిన ముఖము ఆ విధముగ పుట్టినది. అది దుఃఖమువలన వచ్చినది కాదు, లెక్కవలన వచ్చినది. ఇది గమనింపదగిన విషయము. కీటన్ తరువాతి కష్టములను ఎరిగినవారు ఆ ముఖమున లోకవేదనను చదువబోయి తరచుగ పొరపడినారు.

బాలుడు యువకుడగుచుండగా తండ్రికి త్రాగుడు ముదిరెను. విసరువాని చేయి ఒక్క క్షణము తప్పినను విసరబడువాని మెడ విరుగు ఆటలో త్రాగుడు కంటె గొప్ప అపాయము లేదు. 1917 ఆరంభమున తల్లియు కుమారుడును ఆ ఆటను విడిచిపెట్టిరి. ముగ్గురు కీటనుల కథ అంతటితో ముగిసెను. బస్టర్ న్యూయార్కునకు వచ్చి, వారమునకు 250 డాలర్ల జీతముపై ఒక నాటకప్రదర్శనకు ఒడంబడిక చేసికొనెను. ఇంతలో స్థూలకాయుడైన హాస్యనటుడు రాస్కో ఆర్బకల్ అతనిని తన చిత్రశాలకు పిలిచెను. కీటన్ అచ్చట నటనకంటె ముందు యంత్రమును చూచెను. కెమేరాను విప్పి, దాని చక్రములును, పండ్లును, ఫిల్ము నడచు మార్గమును పరీక్షించినగాని అతనికి తనివి తీరలేదు. నాటకపు ఒడంబడికను రద్దు చేయించుకొని, వారమునకు 40 డాలర్లపై చిత్రములలో చేరెను. 'ది బుచర్ బాయ్' అతని తొలి చిత్రము. 1918లో సైన్యమున చేరి ఫ్రాన్సుకు పోయి, వినికిడి కొంత పోగొట్టుకొని తిరిగివచ్చెను. తరువాత 1921లో ఆర్బకల్‌పై ఘోరమైన నేరము మోపబడి, 1922లో న్యాయస్థానమున అతడు నిర్దోషియని తేలినను వృత్తి నశించినపుడు, చాలమంది మిత్రులు ముఖము చాటుచేసిరి, కీటన్ చేయలేదు.

1920లో నిర్మాత జోసెఫ్ షెంక్ పెట్టుబడితో కీటనునకు స్వంత చిత్రశాల యేర్పడెను. అప్పటినుండి 1928 వరకు గడచిన ఎనిమిది సంవత్సరములే అతని కళాజీవితమున స్వర్ణయుగము. ఆ చిత్రశాలలో వ్రాతప్రతి యనునది ఉండెడిది కాదు. కథకు మొదలును తుదియు దొరికినచో నడిమిది దానంతట అదియే వచ్చునని వారి నమ్మకము. ఊహ తోచనపుడు పని ఆపి, అందరును మైదానమునకు పోయి బేస్‌బాల్ ఆడుదురు. ఆట మధ్యన ఎవనికో ఊహ తోచినచో బంతిని పారవైచి తిరిగి వత్తురు. కెమేరా పట్టు ఎల్జిన్ లెస్లీ, కట్టడములు కట్టు ఫ్రెడ్ గబోరీ, హాస్యఘట్టములు అల్లు క్లైడ్ బ్రక్‌మన్ మొదలగువారు అతని కుడి యెడమ చేతులు. పైనుండి అడుగువాడు లేడు. తప్పిపోయిన ప్రయోగమునకు లెక్క చెప్పవలసిన పని లేదు. కళాకారునకు ఇంతకుమించిన ఐశ్వర్య మేమి కలదు?

ఆ సంవత్సరమే వెలువడిన 'వన్ వీక్' అను రెండు రీళ్ళ చిత్రముతో అతని మార్గము స్పష్టమయ్యెను. నూతన దంపతులకు పెండ్లికానుకగ ఒక ఇల్లు లభించును. అది ముక్కలుగ పెట్టెలలో వచ్చును, అంకెల ప్రకారము కూర్చుకొనవలెను. అసూయాపరు డొకడు పెట్టెలపై అంకెలను మార్చివేయును. కీటన్ ఆ తప్పుడు అంకెలనే శ్రద్ధగా అనుసరించి ఇల్లు కట్టును. గోడలు వంకర, తలుపు రెండవ అంతస్తున గాలిలోనికి తెరచుకొనును. తుపానులో ఇల్లంతయు గానుగవలె తిరుగును. చివరకు ఇల్లు రైలుపట్టాలపై చిక్కుకొనును. ఎదుట రైలు వచ్చును. దంపతులు కన్నులు మూసికొందురు. రైలు ప్రక్క పట్టాపై పోవును. అమ్మయ్య యని వారు ఊపిరి పీల్చు క్షణముననే వెనుకనుండి మరియొక రైలు వచ్చి ఇంటిని తుత్తునియలు చేయును. అందు విశేష మేమనగా, నాయకుడు మూఢుడు కాడు. అతడు చేసినదంతయు సరియే. లోకమే తప్పుడు అంకెలతో వచ్చినది.

1921లో తీసిన 'ది ప్లేహౌస్' అంతకంటె విచిత్రము. నాటకశాలలో నటులు, వాద్యగాండ్రు, ప్రేక్షకులు, స్త్రీలు, పిల్లలు, ముసలివారు సమస్తమును కీటనే. ఒకేమారు తొమ్మండుగురు కీటనులు వరుసగా నిలిచి ఆడుదురు. ఈనాడు యంత్రగణకములు ఇట్టి పనిని సులభముగ చేయును. నాడు లెస్లీ కెమేరా కన్నును తొమ్మిది భాగములుగ మూసి, ఒక్కొక్క భాగమునే తెరచి, అదే ఫిల్మును తొమ్మిదిమార్లు త్రిప్పి తీసెను. కెమేరా చేతితో త్రిప్పునది. ప్రతిమారును వేగము రవంతయు మారరాదు. కీటన్ అడుగులు తొమ్మిదిమార్లును తాళము తప్పరాదు. ఇంత శ్రమపడి సాధించినది ఒక పరిహాసము: నాటకపు కరపత్రములో ప్రతి పేరును తనదే యగుట!

1923నుండి అతడు పెద్ద చిత్రములకు పూనుకొనెను. 'అవర్ హాస్పిటాలిటీ'లో నదీప్రవాహపు ఘట్టము తీయుచుండగా, అతనిని పట్టియుంచిన త్రాడు తెగి, ప్రవాహము అతనిని బండలమధ్య ఈడ్చుకొనిపోయెను. చెట్లకొమ్మలను పట్టుకొని బ్రతికి బయటపడెను. ఆ ముక్క చిత్రమున అట్లే నిలిచియున్నది.

ఇక 1924 ఏప్రిలులో విడుదలయైన 'షెర్లాక్ జూనియర్'. అతని చిత్రములలో ఒక్కటియే చూడదలచినవారు దీనిని చూచుట మేలు. నిడివి ముప్పాతిక గంట మాత్రమే. ఒక చిన్న ఊరి సినిమాహాలులో యంత్రము నడుపు కుర్రవాడు అపరాధపరిశోధకుడు కావలెనని కలలు కనును. ప్రియురాలి యింట గడియారపు దొంగతనము అన్యాయముగ అతని నెత్తిన పడును. విచారముతో యంత్రము ప్రక్కన నిద్రపోవును. నిద్రించు దేహమునుండి మరియొక కీటన్ నీడవలె లేచి, కొక్కెమునకు తగిలించిన టోపీనుండి నీడటోపీ నొకదానిని తీసి ధరించి, మెట్లు దిగి, ప్రేక్షకుల నడుమనుండి నడచిపోయి, తెరపై ఆడుచున్న చిత్రములోనికి ప్రవేశించును. ప్రతినాయకుడు అతనిని బయటకు గెంటును. మరల ఎక్కును.

అప్పుడు చిత్రము తనను తాను కాపాడుకొనుటకో అన్నట్లు దృశ్యము మార్చివేయును. ఇంటి మెట్లు దిగబోవు కీటన్ తోటలోని బల్లపైనుండి దిగినవాడగును. ఆ బల్లపై కూర్చుండబోవగా బల్ల మాయమై రద్దీగల వీధిలో చతికిలబడును. నడచిపోబోవగా కాలిక్రింద లోయ. లోయలోనికి తొంగిచూడగా ఎదుట సింహములు. తప్పించుకొనబోవగా ఎడారి, ప్రక్కనుండి దూసికొనిపోవు రైలు. దిబ్బపై కూర్చుండగా అది సముద్రమధ్యమందలి బండ. నీటిలోనికి దుముకగా అది మంచుకుప్ప. తల అందు కూరుకొనిపోవును. దృశ్యములు మారుచున్నవి గాని మనుష్యుడు మారలేదు, అడుగు తడబడలేదు, అతని చేష్ట ఒకటియే, అది పడిన చోటు మాత్రము వేరు. కలగన్న ప్రతివాడును ఎరిగిన అనుభవమే యిది. మేడమీద నడచుచుండి నదిలో తేలుట, బంధువుతో మాటలాడుచుండగా అతడు బడిపంతులుగ మారుట, దానికి మనము ఆశ్చర్యపడక సర్దుకొనుట. అట్టి స్వప్నధర్మమును అంత స్ఫుటముగ చలనచిత్రమున అంతకుముందు ఎవ్వరును చూపలేదు.

దీని వెనుక మంత్రతంత్రము లేదు. మొదట తెరవలె కనబడునది నిజమునకు తెర కాదు. రంగస్థలముపై కట్టిన గదిని దీపకాంతిచేత తెరవలె భ్రమింపజేసిరి. తరువాతి దృశ్యములకొరకు, కొలతగాండ్రు భూమిని కొలుచు సాధనములతో కెమేరాకును నటునకును గల దూరమును అంగుళము తప్పకుండ కొలిచి, మరియొకచోట అదే దూరమున, అదే భంగిమలో నిలిపి తీసిరి. ఆ కాలపు కెమేరామన్లు ఆ ఘట్టమును చూచి తబ్బిబ్బైరి. అదే చిత్రమున రైలునీటి తొట్టిక్రింద వ్రేలాడునపుడు నీటిధార ఉధృతముగ పడి, కీటన్ మెడ పట్టాపై కొట్టుకొనెను. కొన్నాళ్ళు తలనొప్పితో బాధపడి ఊరకుండెను. ఏండ్ల తరువాత వేరొక పనిపై తీసిన ఎక్స్‌రేలో, మెడ యెముక విరిగి దానంతట అదియే అతుకుకొనినట్లు వైద్యులు కనిపెట్టిరి!

చిత్రాంతము మృదువుగ నుండును. మేల్కాంచిన కుర్రవాని యొద్దకు ప్రియురాలు వచ్చును. ఏమి చేయవలెనో తెలియక అతడు చిన్న కిటికీనుండి తెరవైపు చూచుచు, అచ్చటి నాయకుడు చేసినట్లే చేయును: చేయి పట్టును, ఉంగరము తొడుగును, ముద్దిడును. వెంటనే తెరపై నాయకుని ఒడిలో కవలపిల్లలు కనబడుదురు. ఆ నడిమి సంగతి చిత్రము చూపలేదు గనుక కుర్రవాడు తల గోకికొనును. చిత్రము అంతటితో సరి.

ఆ 1924 అక్టోబరులోనే పారిస్‌లో ఆంద్రె బ్రెటన్ అధివాస్తవికతా వాదమునకు ప్రణాళిక ప్రకటించెను. కవులు స్వప్నమునకు సింహాసనము వేయుటకు ఆరు మాసములు ముందే, బడి ముఖము చూడని హాస్యగాడు హాలీవుడ్డులో దానికి మేడ కట్టి యుండెను. స్పెయిను యువకులు ఈ బంధుత్వమును త్వరలోనే గుర్తించిరి. గార్సియా లోర్కా కీటన్ పేరిట ఒక చిన్న నాటికను వ్రాసెను. లూయీ బున్యుయెల్ 1927లో కీటన్ 'కాలేజ్' చిత్రమును ప్రశంసించుచు విమర్శ వ్రాసి, 1929లో తన తొలి స్వప్నచిత్రమును తీసెను. కీటనునకు ఈ వాదముల సంగతి పట్టలేదు. జనము నవ్విరా లేదా యనునదే అతనికి కావలసినది. అధివాస్తవికులు తర్కమును బుద్ధిపూర్వకముగ భంగపరచిరి. కీటన్ తర్కమును ఎన్నడును విడువలేదు. అతని వింతలన్నియు నిష్కర్షయైన లెక్కతో నడుచును. అందువలననే కాబోలు, వారి చిత్రములు చాలవరకు ఆశ్చర్యముతో ఆగగా, ఇతనివి నవ్వుదాక పోయినవి.

'ది నావిగేటర్' అదే సంవత్సరము వచ్చి బాగుగ ధనమార్జించెను. జనశూన్యమైన పెద్ద ఓడలో చిక్కుకొన్న ధనికుల బిడ్డ లిరువురు, వందలమందికి వండు వంటసాలలో ఒక గ్రుడ్డు ఉడికించుకొన నేర్చుట అందలి వినోదము. 1925 నాటి 'సెవెన్ ఛాన్సెస్' పూర్తియైన పిమ్మట పరీక్షార్థము ప్రదర్శింపగా, కొండ దిగుచున్న కీటన్ కాలు తగిలి రెండు మూడు రాళ్ళు దొర్లినచోట జనము అనుకొనని విధముగ నవ్విరి. అది చూచి, వందలకొలది కాగితపుగుజ్జు బండలను చేయించి, కొండంతయు అతనిని తరుముచున్నట్లు ఆ ఘట్టమును పెంచి మరల తీసిరి.

కీటన్ తనకు మిక్కిలి ఇష్టమని చెప్పుకొన్నది 'ది జనరల్'. అమెరికా అంతర్యుద్ధమున 1862 ఏప్రిలులో ఉత్తరసేనకు చెందిన కొందరు జార్జియాలో ఒక రైలుఇంజనును అపహరించి పారిపోయిరి. దక్షిణులు వెంటాడి పట్టుకొని, వారిలో ఎనిమిదిమందిని ఉరితీసిరి. ఈ ఘోరచరిత్రనుండి హాస్యము తీయబూనుట సాహసము. నాయకుడు దక్షిణమున ఇంజను నడుపువాడు; సైన్యము అతనిని చేర్చుకొనదు; ఇంజను పోయినపుడు ఒంటరిగ దానివెంట పడును. 1926 వేసవిలో ఆరెగాన్ రాష్ట్రమందలి కాటేజ్ గ్రోవ్ ప్రాంతమున చిత్రీకరణము జరిగెను. ఇంజనుల పాతకాలపు రూపము, సైనికుల దుస్తులు, పొగ, ధూళి అన్నియు నాటి యుద్ధపు ఛాయాపటములనుండి లేచివచ్చినట్లుండును. ఇంజను ముందుభాగమున కూర్చుండి, చేతనున్న దుంగను విసరి పట్టాపై అడ్డుగనున్న మరియొక దుంగను ఎగురగొట్టు ఘట్టమున గురి ఒక్క వ్రేలెడు తప్పినను బండి పట్టాలు తప్పియుండును. ప్రియురాలు కాదన్న దుఃఖములో ఇంజను చక్రములను కలుపు కమ్మిపై అతడు కూర్చుండగా, బండి కదలి అతనిని పైకి క్రిందికి మోసికొనిపోవును. ఆవిరి కొంచెము హెచ్చి చక్రములు జారినచో ప్రాణము దక్కదు. తెరపై అది ఎంత నెమ్మదిగ, ఎంత సుకుమారముగ సాగునో చూడవలెను.

జులై 23వ తేదీన వేలాది జనము చూచుచుండగా, మండుచున్న వంతెనపైకి నిజమైన ఇంజనును నడిపించి, వంతెనతో సహా నదిలో కూల్చిరి. ఆ యొక్క ఘట్టమునకు 42 వేల డాలర్లు వ్యయమయ్యెను. మూకచిత్రములలో అంత ఖరీదైన ఒంటిఘట్టము మరియొకటి లేదని ప్రసిద్ధి. ఆ ఇనుము రెండవ ప్రపంచయుద్ధకాలము వరకు నదిలోనే పడియుండెను.

చిత్రమును విమర్శకులు మెచ్చలేదు, ప్రేక్షకులు ఆదరింపలేదు. హాస్యములో మనుష్యులు చచ్చుటేమని కొందరు, కథ దీర్ఘమని కొందరు ఆక్షేపించిరి. నష్టము వచ్చెను. పెట్టుబడిదారులు అటుపై ఖర్చులకు కళ్ళెము వేయజొచ్చిరి. 1928లో వచ్చిన 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్' స్వతంత్రునిగ అతడు తీసిన చివరి చిత్రము. తుపానులో రెండు టన్నుల బరువుగల ఇంటిముఖభాగము సమూలముగ అతనిపై పడును. మేడపై కిటికీరంధ్రము సరిగా అతడు నిలుచున్నచోట పడుటవలన బ్రతుకును. మోసమేమియు లేదు. గోడ నిజము, కిటికీకిని దేహమునకును నడుమ ఎడము కొద్ది అంగుళములు మాత్రమే. పనివారిలో కొందరు చూడలేక ముఖము త్రిప్పుకొనిరని చెప్పుదురు. అతని స్వంత చిత్రశాల మూతపడనున్నదను వార్త తెలిసినది ఆ దినములలోనే. గోడక్రింద నిలిచినవాని మనస్థితిని ఎవరి యూహకు వారు విడుచుట మంచిది.

షెంక్ సలహాపై కీటన్ 1928లో మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థలో చేరెను. చేరవలదని చాప్లిన్, లాయిడ్ ఇరువురును హెచ్చరించిరి. అచ్చటి తొలి చిత్రము 'ది కెమేరామన్' మంచిదే. తరువాతనే పగ్గములు బిగిసినవి. వ్రాతప్రతి ముందే సిద్ధమై యుండవలెను. ప్రతి ఖర్చునకు ఆమోదము కావలెను. పదిమంది రచయితలు పది మాటలు చేర్చుదురు. అపాయకరమైన చేష్టలు చేయరాదు. బేస్‌బాలుకు తావు లేదు. టాకీలు వచ్చినవి. అతని గొంతు బాగుగనే యుండెను గాని, అతనిచేత పలికించినవి అతని మాటలు కావు. లోకమును నిశ్శబ్దముగ జయించు నాయకుని వెఱ్ఱివెంగళప్పగ మార్చిరి. వాచాలుడైన జిమ్మీ డ్యురాంటితో జతకట్టిరి. ఆ చిత్రములకు డబ్బు బాగుగ వచ్చుట వింతయైన శిక్ష: 'ది జనరల్' నష్టపడగా, తాను సిగ్గుపడు చిత్రములు లాభము గడించినవి. కావున తన వాదన వినుటకు ఎవరికిని అవసరము లేకపోయెను.

త్రాగుడు తండ్రినుండి కుమారునకు సంక్రమించెను. 1921లో వివాహమాడిన నాటలీ టాల్మడ్జ్ 1932లో విడాకులు పుచ్చుకొని, బెవర్లీ హిల్స్‌లోని సౌధమును, ఇరువురు కుమారులను తనతో నుంచుకొని, కుమారుల ఇంటిపేరును సైతము మార్చెను. 1933లో సంస్థ అతనిని తొలగించెను. రెండవ వివాహము మూడేండ్లు నిలువలేదు. 1935లో అతడు ఆస్పత్రి పాలయ్యెను. చవుకబారు రెండు రీళ్ళ చిత్రములలో కొంతకాలము నటించి, తుదకు వారమునకు 3000 డాలర్లు పుచ్చుకొన్న సంస్థలోనే 100 డాలర్లకు, ఇతర హాస్యనటులకు ఊహలు అందించువాడుగ కుదిరెను. మార్క్స్ సోదరులకును, రెడ్ స్కెల్టనునకును అతడు అల్లి ఇచ్చిన ఘట్టములు అనేకములు. అభిమానము చంపుకొని చేసిన పనియని కొందరు జాలిపడుదురు. ఆ పని అతనిని బ్రతికించినదనుటయు నిజమే.

1940లో ఎలినోర్ నోరిస్ అను నర్తకిని వివాహమాడెను. ఆమె అతనికంటె 23 ఏండ్లు చిన్నది. స్నేహితులు వలదనిరి. ఆమె అతనిని నిలబెట్టెను. 1947లో దంపతులు పారిస్‌లోని మెద్రానో సర్కసులో ప్రదర్శనములిచ్చిరి. తమ దేశము మరచినవానిని ఫ్రెంచివారు నెత్తిన పెట్టుకొనిరి. 1949లో జేమ్స్ ఏజీ 'లైఫ్' పత్రికలో మూకహాస్యచిత్రములనుగూర్చి వ్రాసిన వ్యాసము అమెరికనుల కన్నులు తెరపించెను. 1952లో చాప్లిన్ 'లైమ్‌లైట్'లో ఇరువురు మహానటులును ఒకేమారు తెరపై కనబడిరి.

కాని చిత్రములెక్కడ? నాటి ఫిల్ము నిప్పురవ్వకు భగ్గుమనునది, దాచియుంచినను పొడియై రాలునది. కీటన్ తన చిత్రములలో పెక్కు నశించినవనియే తలచియుండెను. అతడు పోగొట్టుకొన్న సౌధమును పిమ్మట కొనిన నటుడు జేమ్స్ మేసన్, 1950ల దశకమున అందలి ఒక మరుగుగదిలో ఫిల్ముడబ్బాలను కనుగొనెను. వేరొకవంక రేమండ్ రోహౌర్ అను ప్రదర్శకుడు కీటన్‌తో పొత్తుచేసికొని, శిథిలములగుచున్న ప్రతులను సేకరించి క్రొత్తప్రతులు తీయించెను. 1960లో అతనికి గౌరవ ఆస్కారు లభించెను. 1962లో పారిస్‌లో అతని చిత్రములన్నియు వరుసగా ప్రదర్శింపబడినవి. ముప్పది యేండ్లక్రితము నవ్వనివారి మనుమలు నవ్విరి. 1989లో అమెరికా ప్రభుత్వము భద్రపరుపదగిన జాతీయచిత్రముల మొదటి పట్టికను ప్రకటించినపుడు 'ది జనరల్' అందు చేరినది. 1991లో 'షెర్లాక్ జూనియర్' చేరినది.

1964 వేసవిలో శామ్యూల్ బెకెట్ వ్రాసిన ఏకైక చలనచిత్రమునకై కీటన్ న్యూయార్కులో పనిచేసెను. చిత్రమంతయు వీపే కనబడును. ఆ ప్రసిద్ధముఖము చివరి ఘట్టమునగాని కనబడదు. దాని భావ మేమో తనకు తెలియదని కీటన్ దాపరికము లేకుండ ఒప్పుకొనెను. చెప్పినచోట చెప్పినట్లు, మండుటెండలో, వంతెనక్రింద పరుగెత్తెను. 1965 సెప్టెంబరున వెనిస్ చిత్రోత్సవమున అది ప్రదర్శింపబడినపుడు సభ యావత్తును లేచి నిలిచి, చాలసేపు చప్పట్లు చరచెను.

అప్పటికే ఊపిరితిత్తులయందు పుట్టకురుపు ముదిరియుండెను. వైద్యులును, భార్యయు ఆ సంగతి అతనికి తెలియనీయలేదు. 1966 ఫిబ్రవరి 1వ తేదీన, 70వ యేట, కాలిఫోర్నియాలోని వుడ్‌లాండ్ హిల్స్‌లో తన యింట మరణించెను. ఆఖరున నటించిన చిత్రములలో నొకటి ఆ యేటి అక్టోబరులో విడుదలయ్యెను. ప్రాచీన రోములో, చిన్ననాడు ఓడదొంగలు ఎత్తుకొనిపోయిన బిడ్డలకై వెదకు ముసలివాని పాత్ర అతనిది. ఎవరో చెప్పిన బూటకపుమాటను నమ్మి, ఆ వృద్ధుడు నగరపు ఏడు కొండల చుట్టును ఏడుమార్లు పరుగెత్తుచు, కథ నడుమ అప్పుడప్పుడు తెరపై ఒకవైపునుండి మరియొకవైపునకు దాటిపోవును. ముఖమున నవ్వు లేదు.